కంప్యూటరు గడప మీద మన ఎంపిక

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో సాధారణంగా బడుల గురించి, పాఠ్యపుస్తకాల గురించి, ఉపాధ్యాయ నియామకాల గురించి మాట్లాడుకొంటాం. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మనుడిలో చదువుకొనే వసతి కల్పించమని రాష్ట్రాలకు చెబుతున్నది. ఆ మాటను అమలు చేయించుకోవడానికి మనం పడుతున్న పాట్లు మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత హోసూరు, కృష్ణగిరి పిల్లలకు ఏ స్థితి వచ్చిందో ఇక్కడున్న తల్లిదండ్రులకే బాగా తెలుసు. ఆ పోరాటం కోర్టులలోనూ కచేరీలలోనూ సాగవలసినది, సాగుతున్నది.

ఈరోజు నాకు అప్పగించిన విషయం చిన్నది. ఇందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు, ఎవరికీ అర్జీ పెట్టనక్కరలేదు. ఇంట్లో కంప్యూటరు మీట నొక్కిన క్షణానికీ, తెరమీద మనం పనిచేసుకొనే చోటు తెరుచుకొనే క్షణానికీ నడుమ జరిగే పని గురించి చెబుతాను. ఆ పనిని నడిపే చిన్న ప్రోగ్రాముకు బూట్ లోడర్ అని పేరు. లినక్స్ కంప్యూటర్లలో ఎక్కువగా ఉండే బూట్ లోడరు పేరు గ్రబ్. దానిని మనకు కావలసినట్టు అమర్చుకోవడం ఎలాగో, అది మన ఇళ్లకు ఎందుకు అవసరమో, ఈ రెండే నా ప్రసంగంలో ఉంటాయి.

ఇప్పుడే ఎందుకు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలు భద్రతా సవరణలు ఇవ్వడం ఆపివేసింది. అదనపు గడువు పథకంలో నమోదు చేసుకొన్నవారికి మాత్రమే మరికొంత కాలం అవి అందుతాయి. విండోస్ 11 పెట్టుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఆ సంస్థ ఒప్పుకొన్న ప్రాసెసరు ఉండాలి. మన ఇళ్లలో ఏడెనిమిదేళ్ల నాటి కంప్యూటర్లు చాలావాటికి ఈ అర్హత లేదు. దుకాణానికి తీసుకువెళితే “దీన్ని తీసివేసి కొత్తది కొనండి” అనే మాటే వినబడుతుంది. వ్యవసాయం మీద, చిన్న వ్యాపారం మీద బతికే కుటుంబానికి ఆ మాట బరువే.

అటువంటి కంప్యూటరు లినక్స్‌తో ఇంకా కొన్నేళ్లు హాయిగా పనిచేస్తుంది. పైగా లినక్స్‌లో తెరను తెలుగులోకి మార్చుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్ వంటివి తెలుగు ముఖంతో దొరుకుతాయి. లోహిత్ తెలుగు వంటి ఖతులు ఉచితంగా వస్తాయి. మన పిల్లలకు తెలుగు ఒక్కటే చాలదు. బడికోసం కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో కావాలి. 1980లలో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో ఈ లిపులన్నిటికీ ఒకే వరుస ఉంది. తెలుగులో ‘క’ ఏ మీట మీద ఉందో కన్నడంలోనూ తమిళంలోనూ ఒడియాలోనూ దేవనాగరిలోనూ ‘క’ ఆ మీట మీదనే ఉంది. ఒక్క అమరిక నేర్చుకొన్న పిల్ల ఇంటి నుడినీ బడి నుడినీ రెంటినీ రాయగలదు. రెండు భాషల నడుమ పెరిగే సరిహద్దు పిల్లలకు ఇంతకంటె అక్కరకు వచ్చే ఏర్పాటు మరొకటి ఉందని నేననుకోను.

అయినా చాలామంది లినక్స్ జోలికి వెళ్లరు. కారణం భయం. “ఉన్నది పోతుందేమో, పిల్లవాడి పాఠాలు, నాన్నగారి లెక్కలు, పెళ్లి ఫోటోలు పోతాయేమో” అని. ఆ భయానికి సమాధానమే గ్రబ్. ఒకే కంప్యూటరులో రెండు వ్యవస్థలను పక్కపక్కన నిలిపి, మీట నొక్కినప్పుడల్లా “ఈ పూట ఏది కావాలి?” అని అడిగే ప్రోగ్రాము అది. పాతదాన్ని తీసివేయకుండానే కొత్తదాన్ని తెచ్చుకోవచ్చు.

గడప దగ్గర జరిగేది

కంప్యూటరుకు కరెంటు అందగానే మొదట మేలుకొనేది దాని తల్లిపలక మీద ఉండే ఫర్మ్‌వేర్. పాత కంప్యూటర్లలో దీనిని బయాస్ అనేవారు, ఇప్పటివాటిలో ఉన్నది యూఈఎఫ్ఐ. బయాస్ కాలంలో అది హార్డ్‌డిస్క్ మొట్టమొదటి గదిని చదివేది. ఆ గది పరిమాణం 512 బైట్లు. అందులో బూట్ లోడరుకు దక్కేది 446 బైట్లు. మిగిలినదంతా డిస్క్ విభాగాల పట్టిక, చివరి గుర్తు. ఇంత ఇరుకు చోటులో మొత్తం ప్రోగ్రాము పట్టదు కనుక గ్రబ్ అక్కడ తన వేలికొన మాత్రం ఉంచి, మిగిలిన దేహాన్ని మరో చోట ఉంచుకొనేది. యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో ఈ ఇబ్బంది లేదు. డిస్కులో దానికోసమే ఒక చిన్న విభాగం ఉంటుంది. విండోస్ తన బూట్ లోడరునూ, లినక్స్ తన గ్రబ్‌నూ ఆ విభాగంలో వేర్వేరు ఫోల్డర్లలో ఉంచుకొంటాయి. ఒకటి మరొకదాన్ని తుడిచివేయనక్కరలేదు. ఏది ముందు రావాలనే వరుస ఫర్మ్‌వేర్ దగ్గర రాసి ఉంటుంది.

గ్రబ్ చేతికి పగ్గాలు రాగానే అది తన మెనూ చూపుతుంది. మనం లినక్స్‌ను ఎంచుకొంటే, దాని కెర్నెల్‌నూ, తొలి మెట్టులో అవసరమయ్యే చిన్న ఫైళ్ల మూటనూ జ్ఞాపకంలోకి ఎక్కించి తాను తప్పుకొంటుంది. విండోస్‌ను ఎంచుకొంటే విండోస్ సొంత బూట్ లోడరును పిలిచి దానికి అప్పగిస్తుంది. అంతటితో దాని పని తీరిపోతుంది.

గ్రబ్‌ను 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టారు. 1999లో అది గ్నూ ప్రాజెక్టులో చేరింది. దానికి ముందు లినక్స్ వాడుకరులకు లిలో అనే బూట్ లోడరే ఆధారం. కెర్నెల్ మారినప్పుడల్లా లిలోను మళ్లీ స్థాపించవలసి వచ్చేది. గ్రబ్ డిస్కులోని ఫైళ్లను తానే చదువుకోగలదు కనుక ఆ బాధ తప్పింది. తిరగరాసిన రెండవ తరం గ్రబ్ 2012లో 2.00 కూర్పుగా వెలువడింది. ఇప్పుడు మనం వాడేది ఆ తరమే.

అడగకపోతే వచ్చేది

గ్రబ్ మెనూ కొన్ని క్షణాలే నిలుస్తుంది. ఆలోగా ఎవరూ ఏ మీటా నొక్కకపోతే, ముందుగా రాసిపెట్టిన వ్యవస్థ దానంతట అదే తెరుచుకొంటుంది. దీనిని డిఫాల్ట్ అంటారు. తెలుగులో చెప్పాలంటే “అడగకపోతే వచ్చేది”.

2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం ప్రారంభించినప్పుడు, ఆ యంత్రాలలో విండోస్‌తో పాటు సీడాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్‌ను కూడా పెట్టి ఇచ్చారు. బాస్ లినక్స్ డెబియన్ ఆధారంగా రూపొందినది. తమిళంతో పాటు తెలుగుతో సహా అనేక భారతీయ భాషలు దానిలో ఉన్నాయి. అంటే హోసూరు దగ్గరి తెలుగు పిల్ల చేతిలోని ప్రభుత్వ ల్యాప్‌టాప్‌లో తెలుగు తెర వచ్చే దారి అప్పుడే ఉంది. కాని నాకు తెలిసిన ఇళ్లలో ఆ రెండవ వరుసను ఒక్కసారైనా ఎంచుకొన్న పిల్లలు అరుదు. దాని గురించి వారికి ఎవరూ చెప్పలేదు. మెనూ కనబడి మాయమయ్యేది, విండోస్ వచ్చేది, పిల్లలు దానితోనే సరిపెట్టుకొనేవారు.

ఎంపిక ఉన్నంత మాత్రాన చాలదు, అది కనబడాలి, కనబడినదాన్ని మార్చుకోవడం తెలియాలి. మన బడి దరఖాస్తులలో మాతృభాష గడిని ఖాళీగా వదిలితే ఏ భాష వచ్చి చేరుతుందో మీకు తెలుసు. కంప్యూటరులోని గడి విషయంలో మనకు ఒక మేలు ఉంది. దానిని నింపే కలం మన చేతిలోనే ఉంది.

పని మొదలుపెట్టే ముందు

తొందర వద్దు. నాలుగు జాగ్రత్తలు తీసుకొన్న తరువాతనే చేయి పెట్టండి.

మొదటిది, ముఖ్యమైన ఫైళ్లన్నిటినీ వేరే డిస్కులోకో పెన్‌డ్రైవులోకో నకలు తీసి ఉంచుకోండి. డిస్కు విభాగాలను కదిలించే పనికి ముందు ఇది చేయని ఇంట్లో ఎవరికీ నేను లినక్స్ పెట్టి ఇవ్వను.

రెండవది, విండోస్‌లో బిట్‌లాకర్ అనే తాళం పనిచేస్తున్నదేమో చూడండి. పనిచేస్తున్నట్లయితే దాని 48 అంకెల పునరుద్ధరణ తాళంచెవిని కాగితం మీద రాసి భద్రపరచండి. గడప దగ్గర మార్పు జరిగితే విండోస్ ఆ అంకెలు అడిగే అవకాశం ఉంది. అప్పుడు చేతిలో లేకపోతే ఫైళ్లు ఉన్నా అందవు.

మూడవది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయాన్ని ఆపివేయండి. అది ఉన్నంతవరకు విండోస్ పూర్తిగా పడుకోదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ వెళ్లి దాని డిస్కులో రాస్తే ఫైళ్లు చెడవచ్చు.

నాలుగవది, లినక్స్‌కు చోటు కల్పించడానికి విండోస్ విభాగాన్ని విండోస్‌లోని సాధనంతోనే కుదించండి.

ఆ తరువాత ఉబుంటు, మింట్, డెబియన్ వంటి ఏదో ఒక లినక్స్ పంపిణీని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దానితో కంప్యూటరును తెరచి చూడండి. స్థాపించకుండానే అంతా పనిచేస్తున్నదా, తెలుగు సరిగా కనబడుతున్నదా పరీక్షించుకోవచ్చు. విండోస్ ఏ పద్ధతిలో, అంటే బయాస్ లేదా యూఈఎఫ్ఐ పద్ధతిలో, స్థాపితమై ఉన్నదో లినక్స్‌ను కూడా అదే పద్ధతిలో స్థాపించాలి. లేకపోతే ఒకదానికొకటి కనబడవు. సెక్యూర్ బూట్ అనే కావలి ఉన్న కంప్యూటర్లలో ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటివి షిమ్ అనే ముద్రపడిన చిన్న ప్రోగ్రాము ద్వారా లోపలికి వస్తాయి. కనుక వాటికోసం ఆ కావలిని తీసివేయనక్కరలేదు.

ఫైలులో నాలుగు వరుసలు

ఇక అసలు పని. గ్రబ్ అమరిక ‘ఈటీసీ’ అనే ఫోల్డరులోని ‘డిఫాల్ట్’ ఫోల్డరులో ‘గ్రబ్’ అనే పేరుగల ఒక మామూలు పాఠ్య ఫైలులో ఉంటుంది. దానిని నిర్వాహకుని అధికారంతో తెరవాలి. అందులోని పేర్లన్నీ ఆంగ్లపు పెద్దబడి అక్షరాలలో, మాటల నడుమ అడుగుగీతతో ఉంటాయి. నేను వాటిని పలికే తీరులోనే చెబుతాను, తెరమీద చూస్తే వెంటనే గుర్తుపడతారు. మార్చేముందు ఆ ఫైలుకు ఒక నకలు తీసి ఉంచండి.

‘గ్రబ్_టైమవుట్’ అనేది మెనూ ఎన్ని క్షణాలు నిలవాలో చెప్పే వరుస. కొన్ని పంపిణీలలో ఇది సున్నాగా ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మ నుండి మనవడి వరకు అందరూ వాడే కంప్యూటరైతే 10 లేదా 15 అని రాయండి. చదివి ఎంచుకోవడానికి వ్యవధి ఉంటుంది.

‘గ్రబ్_టైమవుట్_స్టైల్’ అనే వరుసలో ‘హిడెన్’ అని ఉంటే మెనూ దాగి ఉంటుంది. దానిని ‘మెనూ’ అని మార్చండి. మార్చకముందే ఒకసారి మెనూ చూడాలనిపిస్తే, బయాస్ కంప్యూటర్లలో తెరుచుకొనేటప్పుడు షిఫ్ట్ మీటను, యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో ఎస్కేప్ మీటను నొక్కాలి.

‘గ్రబ్_డిఫాల్ట్’ మన విషయానికి ప్రాణం వంటిది. అడగకపోతే ఏది రావాలో ఇక్కడ ఉంటుంది. సున్నా అంటే మెనూలో మొదటి వరుస, ఎందుకంటే ఇక్కడ లెక్క ఒకటితో గాక సున్నాతో మొదలవుతుంది. అంకె రాయడంలో ఒక చిక్కు ఉంది. మెనూలోకి కొత్త వరుస వచ్చి చేరితే మన అంకె వేరేదాన్ని చూపుతుంది. అందువల్ల మెనూలో కనబడే పేరునే కోట్ గుర్తుల నడుమ యథాతథంగా రాయడం మేలు. ఇంకొక దారి కూడా ఉంది. ఇక్కడ ‘సేవ్డ్’ అని రాసి, కింద ‘గ్రబ్_సేవ్‌డిఫాల్ట్’ అనే వరుస చేర్చి ‘ట్రూ’ అని పెడితే, చివరిసారి ఎవరు ఏది ఎంచుకొన్నారో దానినే మరుసటిసారి గ్రబ్ ముందుంచుతుంది. పిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం నేను మొదటి పద్ధతినే సూచిస్తాను. తెలుగు తెర ఉన్న వ్యవస్థనే స్థిరంగా డిఫాల్ట్ చేయండి. రెండవది కావలసినప్పుడు బాణం మీటతో దాని వరుసకు దిగితే చాలు.

‘గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్’ నాలుగవది. డిస్కులో ఉన్న ఇతర వ్యవస్థలను వెదికి మెనూలో చేర్చే సాధనం పేరు ఓఎస్-ప్రోబర్. 2021లో వెలువడిన గ్రబ్ 2.06 నుండి దానిని భద్రతా కారణాలతో మామూలుగా ఆపివేసి ఉంచుతున్నారు. “లినక్స్ పెట్టిన తరువాత మెనూలో విండోస్ కనబడటం లేదు, పోయిందేమో” అని కంగారుపడేవారిలో చాలామందికి కారణం ఇదే. విండోస్ ఎక్కడికీ పోదు. ఈ వరుసలో ‘ఫాల్స్’ అని రాస్తే గ్రబ్ దానిని వెదికి చూపుతుంది.

నాలుగు వరుసలూ సరిచేసి ఫైలును భద్రపరచిన తరువాత టెర్మినల్‌లో ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ అనే ఆదేశం ఇవ్వాలి. ఉబుంటు, మింట్, డెబియన్, బాస్ వాడుకరులకు ఇది చాలు. ఫెడోరా వంటివాటిలో ‘గ్రబ్2-ఎమ్‌కేకాన్ఫిగ్’ అనే ఆదేశం ఉంటుంది. ఈ ఆదేశం మన వరుసలను చదివి, గ్రబ్ నిజంగా వాడుకొనే అసలు ఫైలును తిరిగి తయారుచేస్తుంది. ఆ అసలు ఫైలు ‘గ్రబ్.సీఎఫ్‌జీ’. దానిలో నేరుగా చేయి పెట్టకండి. కెర్నెల్ మారినప్పుడల్లా అది మళ్లీ తయారవుతుంది, మీరు రాసింది చెరిగిపోతుంది.

రెండు వ్యవస్థలు ఉన్న ఇంట్లో మరొక వింత కనబడుతుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళితే గడియారం అయిదున్నర గంటలు వెనుకబడి ఉంటుంది. లినక్స్ లోపలి గడియారంలో ప్రపంచ కాలాన్ని ఉంచుతుంది, విండోస్ దానిని మన కాలమనే అనుకొంటుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ అనే ఆదేశం ఒక్కసారి ఇస్తే రెండూ ఒకే కాలానికి వస్తాయి.

మెనూలో తెలుగు

ఇక్కడ కొందరు యువకులు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. “గ్రబ్ మెనూలోనే తెలుగు రాయవచ్చునా?” అని. నిజం చెప్పాలి. గ్రబ్ యూనికోడ్‌ను చదువుతుంది. దానితో వచ్చే యూనిఫాంట్ ఖతిలో తెలుగు అక్షరాలు ఉన్నాయి. కనుక ‘40_కస్టమ్’ అనే ఫైలులో మన సొంత వరుసకు తెలుగు పేరు పెట్టడానికి అడ్డు లేదు. కాని మన లిపిలో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చితే సరిపోదు. ఒత్తులు కిందికి దిగాలి, గుణింతాలు అక్షరంతో కలిసి రూపం మార్చుకోవాలి. ఈ కూర్పు పని లినక్స్ లోపల తెరుచుకొనే తెరలో చక్కగా జరుగుతుంది. గ్రబ్‌లో మాత్రం భారతీయ లిపులకు ఆ ఏర్పాటు లేదు. అరబ్బీ అక్షరాలను కలిపి రాసే పని దానిలో ఉంది, మన ఒత్తులు కూర్చే పని లేదు. ఫలితంగా అక్షరాలు విడివిడిగా, చెదిరి కనబడతాయి.

ఇప్పటికి ఒక ఉపాయం చెబుతాను. బొమ్మకు ఈ ఇబ్బంది లేదు. ఏదైనా చిత్రలేఖన ప్రోగ్రాములో ఒక బొమ్మ తయారుచేసి, దాని అంచున, మెనూ వరుసలు మూయని చోట, మంచి తెలుగు ఖతిలో “మొదటి వరుస: తెలుగు తెర. బాణం మీటతో దిగితే: విండోస్” అని రాయండి. పీఎన్‌జీ రకపు ఫైలుగా దానిని బూట్ ఫోల్డరులోని గ్రబ్ ఫోల్డరులో ఉంచండి. తరువాత అమరిక ఫైలులో ‘గ్రబ్_బ్యాక్‌గ్రౌండ్’ అనే వరుసలో దాని దారి రాసి, మళ్లీ అప్‌డేట్-గ్రబ్ ఇవ్వండి. మీట నొక్కగానే ఇంట్లోవారికి మొదట కనబడేది తెలుగు మాట అవుతుంది. ఆంగ్లం చదవలేని అమ్మమ్మ కూడా ఏ మీట నొక్కాలో తెలుసుకొంటుంది.

అయితే ఉపాయంతో తృప్తిపడి ఊరుకోరాదు. గ్రబ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని మూలరూపం ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, సరిచేసి పంపవచ్చు. దానిలోని సందేశాల అనువాదాలు ట్రాన్స్‌లేషన్ ప్రాజెక్టు అనే స్వచ్ఛంద వేదిక ద్వారా జరుగుతాయి. ఒత్తుల కూర్పు కావాలని అడగవలసింది ఒత్తులు ఉన్న లిపుల వారే. కన్నడిగులకూ, ఒడియావారికీ, మరాఠీ వారికీ ఇదే లోటు ఉంది. పొరుగు భాషలవారితో చేయి కలిపి అడగగల మొదటి విన్నపం ఇదేనేమో. బడుల విషయంలో మనం ఎదురెదురుగా నిలబడవలసి వచ్చినా, ఇక్కడ ఒకే వరుసలో నిలబడవచ్చు.

గడప చెదిరితే

రెండు వ్యవస్థల ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు చిక్కు వస్తుంది. వచ్చినప్పుడు తెలియని చేతికి అప్పగిస్తే నష్టం జరుగుతుంది. సరిహద్దు పట్టణంలోని ఒక మరమ్మతు దుకాణంలో, మెనూ రావడం లేదని తీసుకువెళ్లిన మా బంధువుల కంప్యూటరులో లినక్స్ విభాగాన్ని మొత్తం తుడిచి, విండోస్ ఒక్కటే పెట్టి ఇచ్చారు. అందులో ఆ ఇంటి పెద్దావిడ తెలుగులో రాసుకొన్న జ్ఞాపకాలు ఉన్నాయి. అవి తిరిగి రాలేదు. అక్కడ నిజంగా కావలసిన మరమ్మతు అయిదు నిమిషాల పని.

ఎక్కువగా జరిగేది ఇది. విండోస్ పెద్ద సవరణ ఒకటి వచ్చిన తరువాత ఫర్మ్‌వేర్ వరుసలో విండోస్ ముందుకు జరుగుతుంది. గ్రబ్ అక్కడే ఉంటుంది, దాని వంతు రాదు. కంప్యూటరు తెరుచుకొనేటప్పుడు ఎఫ్2, ఎఫ్12 లేదా డిలీట్ మీట నొక్కి ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి, బూట్ వరుసలో లినక్స్ పేరును పైకి జరిపితే సరి.

మెనూ వచ్చి, లినక్స్ ఎంచుకొన్న తరువాత తెర నల్లబడితే, మెనూలో ఆ వరుస మీద ఆంగ్లపు ‘ఇ’ మీట నొక్కండి. కనబడే పాఠంలో ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి, కంట్రోల్ మీటతో ‘ఎక్స్’ నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్కసారికే చెల్లుతుంది కనుక భయపడనక్కరలేదు. ఇదే సదుపాయంతో తెలిసినవారు సంకేతపదం లేకుండా లోపలికి వెళ్లగలరు కూడా. అందువల్ల గ్రంథాలయంలోనో, సంఘ కార్యాలయంలోనో పదిమంది వాడే కంప్యూటరైతే గ్రబ్‌కు కూడా సంకేతపదం పెట్టడం మంచిది.

గ్రబ్ నిజంగానే చెడిపోతే, లినక్స్ పెన్‌డ్రైవుతో కంప్యూటరును తెరవాలి. డిస్కులోని లినక్స్ విభాగాన్నీ, యూఈఎఫ్ఐ విభాగాన్నీ వాటి చోట్లలో తగిలించి, ‘సీహెచ్‌రూట్’ ఆదేశంతో ఆ వ్యవస్థలోకి ప్రవేశించి, ‘గ్రబ్-ఇన్‌స్టాల్’, దాని తరువాత ‘అప్‌డేట్-గ్రబ్’ ఇవ్వాలి. ఇందులో మీ ఫైళ్లను ముట్టుకొనేది ఏదీ లేదు. ఒక్క హెచ్చరిక. లినక్స్ వద్దనుకొని దాని విభాగాన్ని విండోస్ నుండి నేరుగా తొలగించకండి. గ్రబ్ దేహం ఆ విభాగంలోనే ఉంటుంది. అది పోతే మరుసటిసారి ‘గ్రబ్ రెస్క్యూ’ అనే ఒంటరి మాట తప్ప తెరమీద ఏమీ కనబడదు. ముందు ఫర్మ్‌వేర్ వరుసలో విండోస్‌ను పైకి తెచ్చి, అది తిన్నగా తెరుచుకొంటున్నదని చూసుకొన్న తరువాతనే తొలగించాలి.

మన వంతు

నేను చెప్పినదంతా ఒక్కసారి వింటే గుర్తుండదు. అందుకే మూడు పనులు కోరుతున్నాను.

ప్రతి ఊరిలో ఒక్క అమ్మాయి లేదా అబ్బాయి ఈ పని నేర్చుకోవాలి. పెద్ద చదువు అక్కరలేదు, ఒక పాత కంప్యూటరు, నాలుగు ఆదివారాలు చాలు. చెడినా ఫరవాలేదనుకొన్న యంత్రం మీద రెండుసార్లు గ్రబ్‌ను తీసివేసి మళ్లీ నిలబెట్టినవారికి ఇక భయం ఉండదు.

ప్రతి సంఘ కార్యాలయంలో ఒక మరమ్మతు పెన్‌డ్రైవు, దాని పక్కన తెలుగులో రాసిన ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏ ఇంటి కంప్యూటరు ఏ పద్ధతిలో ఉంది, ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లే మీట ఏది, డిఫాల్ట్‌గా ఏది పెట్టాము అనే వివరాలు అందులో ఉండాలి. సంకేతపదాలు మాత్రం అందులో రాయవద్దు.

ఇక విండోస్ 10 తో మూలనపడిన కంప్యూటరు ఉన్న ప్రతి కుటుంబమూ దానిని పాతసామానువాడికి ఇవ్వకముందు ఒక్కసారి ఈ పిల్లల చేతికి ఇవ్వాలి. తెరుచుకోగానే తెలుగు పలికేట్టు వారు దానిని అమర్చి తెస్తారు. బడి నుండి వచ్చిన పిల్లవాడు దానిమీద కన్నడంలో వ్యాసం రాసుకొన్నా, తమిళంలో లెక్కలు చేసుకొన్నా మనకు సంతోషమే. ఆ పక్కనే, అదే మీటలతో, వాళ్ల తాతకు తెలుగులో ఒక ఉత్తరం రాయగలిగితే చాలు.

ఈ సభ ముగిసిన తరువాత బయట వరండాలో రెండు పాత కంప్యూటర్లు పెట్టి ఉంచాము. సందేహాలు ఉన్నవారు అక్కడికి రండి. ఎవరి చేత్తో వారు ఆ నాలుగు వరుసలూ ఒకసారి మార్చి చూడండి.